మిర్యాలగూడకు పోయిన చింతనీడ

పొద్దుగాల ఏడు అయ్యేసరికి సూర్యాపేట పాత రోడ్డు మీద రెండు చప్పుళ్ళు వినవడాలె. ఒకటి కట్టెపని చేసే వడ్ల వీరేశం తన షెడ్డు రేకు తలుపు తీసే చప్పుడు. రెండోది నాగరాణి గంప దించే చప్పుడు. ఇరవై ఏండ్ల సంది ఇదే వరస. షెడ్డు ముందట చింతచెట్టు, చెట్టు కింద నాగరాణి. ఎండకాలం ముంజలు, వానకాలం ఉడకబెట్టిన కంకులు, చలికాలం జామకాయలు. ఆమె చెట్టు మొదలుకు వీపు ఆనిచ్చి కూసొని బేరాలు ఆడుతుంటే, ఈయన లోపల చిత్రిక పట్టుకుంట ఆ బేరాలన్నీ వింటుంటడు. వింటున్నట్టు మాత్రం కనవడడు. దొంగ మనిషి.

మన దిక్కు ఎవరినైనా ఏదో ఒక వరస పెట్టి పిలుస్తం. కూరగాయల ఆమె అక్క అయితది, ఆటో ఆయన మామ అయితడు, బస్సుల పక్క సీటాయన గంటసేపటికి తమ్ముడైతడు. వీళ్ళిద్దరికి మాత్రం ఇరవై ఏండ్లల్ల ఒక్క వరస దొరకలె. అన్నా అంటే ముచ్చట గాడికే ఖతం. బావా అంటే బజారంత నవ్వుతది. అందుకని ఆమె “ఓ వడ్లాయనా” అంటది, ఈయన “ఇగో” అంటడు. ఆమె పెనిమిటి పెండ్లయిన రెండేండ్లకే పోయిండు. ఈయన భార్య పోయి పన్నెండేండ్లు. మధ్యల అడ్డమేం లేదు. ఈయన నోరు పెగలకపోవుడే అడ్డం.

వీరేశం చేసిన కట్టెకు నీడ పోదు. వేపకట్టెతోని పీట చేసి ఇస్తే, దాన్ని తెచ్చి ఎండల వేస్తే, పీట చుట్టూ వేపచెట్టంత నీడ పడతది. వాళ్ళ నాయిన చేతికి కూడ గంతే. పెన్‌పహాడ్‌ల ఒకాయన బిడ్డ పెండ్లికి టెంటే వెయ్యలె. వీరేశం చేసిన పీటలు నాలుగు వాకిట్ల పెట్టిండు, మూడొందల మంది చల్లగ కూసొని తిన్నరు. పప్పు మాడిందని వారం దినాలు చెప్పుకున్నరు గని నీడ ముచ్చట ఎవరూ తీయలె.

ఒక్కటే షరతు. కట్టె చెట్టుగ ఉన్నప్పుడు ఎట్ల నిలవడ్డదో అట్లనే నిలవడాలె. మొదలు కిందికి, కొస మీదికి. దర్వాజ గుంజలు నిలబెట్టేటప్పుడు వడ్లోళ్ళు చూసేది కూడ ఇదే. కాకపోతే చిత్రిక పట్టి నున్నగ చేసినంక ఏది మొదలో ఏది కొసో పరాయోళ్ళకు తెల్వదు. మేస్త్రి తలకిందులు నిలబెట్టినా దిక్కులేదు. అందుకే వీరేశం ప్రతి గుంజకు మొదలు దిక్కు ఎర్ర జాజుతోని బొట్టు పెట్టి పంపుతడు.

మొన్న మాఘంల రోడ్డు వెడల్పు చేసిండ్రు. చింతచెట్టు ఒక్క పూటల నేల మీద పడ్డది. రంపం కోస్తున్నంత సేపు నాగరాణి రోడ్డు అవతలి ఒడ్డుకు నిలవడి చూసింది. వీరేశం షెడ్డుల నుంచి బయటికి రాలె.

మర్నాడు ఆమె గదే జాగల గంప దించింది. ఛత్రి పెడితే గాలికి ఎగిరిపోయె. తువాల కప్పుకుంటే మాడు కాలబట్టె. వీరేశం ఒక వేపపీట తెచ్చి పక్కకు పెట్టిండు. ఆమె దాన్ని కాలుతోని జరిపింది.

“పక్కింటోళ్ళ చెట్టు కింద నేనెందుకు కూసుంట? నా చెట్టు నాకుండె,” అన్నది. మొండి మనిషి. మొండితనం లేకుంటే ఇరవై ఏండ్లు ఒంటరిగ బతుకుతదా మరి.

చైత్రం ఎల్లంగనే ఒక మిట్టమధ్యాహ్నం కండ్లు తిరిగి గంప మీదనే ఒరిగింది. వీరేశం ఉరికొచ్చి ఆమెను లోపలికి తెచ్చి బల్ల మీద పండబెట్టి నీళ్ళు తాగించిండు.

రెండు దినాలకు మిర్యాలగూడ నుంచి ఆమె తమ్ముడు మహేందర్ వచ్చిండు. బియ్యం మిల్లుల పని చేస్తడు. వచ్చుడు వచ్చుడే మొదలుపెట్టిండు.

“అక్కా, బతకాలని లేదా నీకు? నాతోని రా. మా మిల్లుల కూలోళ్ళకు వంట చేసే ఆమె మానేసింది. నీకు అర్ర ఇస్తరు, నీడ పట్టున ఉంటవ్. ఈ రోడ్డు మీద ఎవరున్నరు నీకు?”

నాగరాణి షెడ్డు దిక్కు చూసింది. లోపల చిత్రిక చప్పుడు ఆగింది.

“రోహిణి కార్తె వచ్చేదాంక చూస్త తమ్మీ. అప్పటికి గూడ గిట్లనే ఉంటే వస్త,” అన్నది.

మహేందర్ పోయినంక వీరేశం గడపల నిలవడి గొంతు సవరించుకున్నడు. “ఇగో… నీ చెట్టు నీకు తెస్త,” అన్నడు. ఆయన ఆమెతోని మాట్లాడిన మాటలల్ల గదే పెద్దది. అని మళ్ళ లోపలికి ఉరికిండు.

కట్టెకోత మిల్లు మీదికి పోయి, ఆ చెట్టు మొదలు మొద్దును వెతికి పట్టుకున్నడు. ట్రాలీల వేయించి తెచ్చి షెడ్డుల అడ్డంగ పండబెట్టిండు. పుట్టి బుద్ధెరిగినప్పటి సంది దర్వాజలు, మంచాలు, పీటలు చేసినోడు మొదటిసారి దేనికీ పనికిరానిది ఒకటి చెక్కుడు పెట్టిండు. మొదలు కాడ ఒక్కటే కట్టె. మీదికి పోయేకొద్ది రెండుగ చీలుతది. అవి పక్కలకు వాలి, మళ్ళ కొస కాడ ఒకదాని దిక్కు ఒకటి వంగుతయి. తాకవు. చేవ అంత వంకాయ రంగు తేలింది. మొదలుకు మూరెడు ఎత్తుల ఒక బుడిపె ఉండె. అన్నీ నున్నగ చేసినోడు ఆ బుడిపెను మాత్రం ముట్టలె. నాగరాణి వీపు ఇరవై ఏండ్లు ఆనింది దానికే.

బజారోళ్ళు వచ్చి చూసి పోతుండె. ఒకడు పట్టకారు అన్నడు, ఒకడు చెవి అన్నడు, ఇంకొకడు ఉయ్యాల కొక్కెం అన్నడు. టౌన్ ఆఫీసుల కృపారాణి మేడం అని ఒక చిన్నామె ఉండె, ఆమె చూసి ముచ్చటపడ్డది.

“బాబాయ్, ఇది మాడర్న్ ఆర్ట్ తెలుసా? చెట్టు పోయిన జాగలనే ఫుట్‌పాత్ మీద పెడదం. పర్మిషన్ నేను తెస్త. ఇంతకీ దీని అర్థమేంది?”

“చూస్తే తెలుస్తది మేడం.”

“నాకు తెలుస్తలేదు గద.”

“మీకు తెల్వకున్నా పర్వాలేదు మేడం,” అన్నడు వీరేశం.

నాగరాణి ఒక్కనాడే లోపలికొచ్చింది. పండబెట్టి ఉన్న కట్టె చుట్టూ తిరిగింది. ఆ కొస నుంచి ఈ కొస దాంక చెయ్యి పెట్టకుండనే చూసింది.

“అంత దగ్గరికొచ్చినయి. తాకితే ఏం పోయేది?” అని అడిగింది.

“కట్టె ఎండుతుంటే గుంజుతది. సందు లేకుంటే పగులుతది,” అన్నడు వీరేశం. ఏం చెప్పాలె గసొంటోనికి! ఆమె గంపెత్తుకొని పోయింది.

కోదాడ పక్కన అనంతగిరిల రాజారత్నం సారు కొత్త ఇల్లు కడుతున్నడు. దర్వాజ వీరేశం చేసిందే. వీళ్ళ ఇంట్ల తాతల నాటి పద్ధతి ఒకటుంది. దర్వాజ నిలబెట్టిన వడ్లాయన, గోడ దాని తల దాంక లేచేవరకు ఆ ఊరు ఇడిసిపెట్టొద్దు. తక్కువల తక్కువ మూడు దినాలు. రోహిణి కార్తె రెండు దినాలల్ల వస్తదనంగ వీరేశం ఆ మూడు దినాల పనికి పోయిండు. పోయే ముందల చింత బొమ్మకు నూనె రాసిండు. మొదలు మీద జాజు బొట్టు పెట్టిండు గని, దూరం నుంచి చూసి, ఇది దర్వాజ కాదు గద, బొట్టుతోని అందం పోతుందని తుడిచేసిండు. ముప్పై ఏండ్లకు మొదటిసారి అందం చూసుకున్నడు మహానుభావుడు.

ఆయన బస్సెక్కిన పూటనే కృపారాణి మేడానికి క్రేన్ దొరికింది. కరెంటు పోల్స్ పాతనీకి కోదాడ నుంచి వచ్చిన క్రేన్. నడిపేటాయన పేరు లాజరు. మంచి మనిషే, పని మంతుడే. బొమ్మకు బెల్టు కట్టి లేపి, గాల్ల ఉంచి, ఇటు తిప్పి అటు తిప్పి చూసిండు.

“మేడం గారూ, దీనికి పైనేదండీ, కిందేదండీ?” అని అడిగిండు.

మేడం చూసింది. బజారోళ్ళు చూసిండ్రు. షెడ్డుల పండుకొని ఉన్నప్పుడే అందరూ చూసిండ్రు, నిలబెడితే ఎట్లుంటదో ఎవరికి ఎరుక? వీరేశానికి ఫోన్ చేస్తే కలుస్తలేదు. ఆయన దర్వాజ నిలబెట్టేటప్పుడు ఫోన్ బందు పెట్టుకుంటడు.

“ఇందులో తెలియకపోడానికి ఏముందండీ,” అన్నడు లాజరే మళ్ళ. “ఇవిగో రెండు కాళ్ళు. ఇదిగో తలకాయ. మనిషి బొమ్మండీ ఇది. మనిషిని కాళ్ళ మీదే కదండీ నిలబెట్టేది?”

అందరికీ నిజమే అనిపించింది. రెండు కొసలూ కిందికి, మొదలు మీదికి. సిమెంటు పోసి బిగించిండ్రు.

నాగరాణి గంప తెచ్చి దాని ముందట దించింది. పది గంటలకు చూసింది, పన్నెండింటికి చూసింది. బొమ్మ నీడ బొమ్మంతనే పడ్డది, జానెడు. కొత్తది గద, ఇయ్యాల్ల కాకుంటే రేపు దిగుతదని బజారోళ్ళు అన్నరు. రెండో దినం గూడ దిగలె. అప్పుడు ఆమె బొమ్మకు వీపు ఆనిచ్చి కూసున్నది. అటు జరిగింది, ఇటు జరిగింది, చీర కొంగు తీసి మళ్ళ ఆనిచ్చింది. నున్నగ ఉంది. ఎక్కడా బుడిపె తగలలె. బుడిపె ఆమె తలకు ఎంతో మీద ఉందాయె. దాన్ని కండ్లతోని చూసినా ఆమె గుర్తుపట్టదు, వీపుకే తెలుసు.

“ఇది నా చెట్టు కాదు,” అన్నది.

పోల్స్ కాడ పని చేసుకుంటున్న లాజరుకు ఆ మాట వినవడ్డది. ఎండల ఆమె మొఖం చూసి నీళ్ళ బాటిల్ తెచ్చిచ్చిండు.

“నీ చెట్టు నీకు తెస్తనన్నడు. ఏదో ఒక మొద్దు తెచ్చి నా మొఖాన పెట్టి, తాను కోదాడ పోయి కూసున్నడు. నేనేమన్న అడిగిన్నా? నేనేమన్న తెమ్మన్ననా?” అన్నది లాజరుతోని. కండ్ల నీళ్ళు తుడుచుకోలె, ఎండకు అవే ఆరినయి.

మూడో దినం రోహిణి కార్తె వచ్చింది. ఆమె మిర్యాలగూడ బస్సెక్కింది.

నాలుగో దినం పొద్దుగాల వీరేశం ఆటో దిగిండు. దిగి, బొమ్మను చూసి, తల్కాయ పట్టుకున్నడు. తలకిందులు నిలవడ్డ బొమ్మ, దాని ముందట ఉత్త జాగ. పోల్స్ కాడికి ఉరికి లాజరు అంగి పట్టుకున్నంత పని చేసిండు.

“నన్ను తిట్టండి వీరేశం గారూ, పడతాను,” అన్నడు లాజరు. “ఆవిడ రెండ్రోజులు ఎండలో కూచుందండీ. వీపు ఆనించి చూసి, ఇది నా చెట్టు కాదన్నది. నాకప్పుడు తట్టలేదండీ. మిర్యాలగూడ వెళ్ళిపోయింది.”

వీరేశం ఏం తిట్టలె. ఫుట్‌పాత్ మీద కూలబడ్డడు. బొట్టు తుడిచింది తన చెయ్యే గద, ఇంకెవర్ని తిడతడు.

లాజరు పోల్స్ పని ఆపి, సిమెంటు పగలగొట్టి, బొమ్మను లేపి, ఈసారి వీరేశం చెప్పినట్టు నిలబెట్టిండు. అది నేలకు ఆనిందో లేదో, ఫుట్‌పాత్ నుంచి రోడ్డు సగం దాంక చింతచెట్టు నీడ పరుచుకున్నది. చిన్న చిన్న ఆకుల నీడ, గాలికి కదులుకుంట. ఆటోలు వచ్చి చేరినయి. చెరుకురసం బండి వచ్చింది. కుక్క వచ్చి పండుకున్నది. నాగరాణి జాగల మాత్రం ఎవరూ కూసోలె.

వీరేశం దగ్గర ఆమె నంబరు ఉంది. రోజుకు పదిసార్లు తీసి చూసిండు. ఫోన్ ఎత్తినంక మొదటి మాట ఏమనాలె? ‘ఇగో’ అంటే ఎవరో తాగుబోతు అనుకొని పెట్టేస్తది. పోయి తోలుకొస్త అనుకుంటడు, బస్టాండు దాంక పోతడు, ఏ ముఖంతోని పోవాలె అని తిరిగొస్తడు. మూడు దినాలు అన్నం సరిగ్గ తినలె. షెడ్డు తలుపు తొమ్మిదైనా తీయలె.

నీడ మాత్రం ఆయనలెక్క కూసోలె. రెండో దినానికి బొమ్మ కాడి నుంచి జరిగి రోడ్డు మీదికి పోయింది. మూడో దినం పొద్దు ఏ దిక్కున్నా అది దక్షిణానికే సాగింది. పెన్‌పహాడ్ దాటిందని బస్సు డ్రైవర్లు చెప్పిండ్రు. మా బస్సు దాని కిందికెళ్ళే వచ్చింది, పది నిమిషాలు చల్లగున్నది అన్నరు. నాలుగో దినానికి సూర్యాపేటల బొమ్మ కింద నీడ జాడే లేదు. ఆటోలు వేరే జాగ చూసుకున్నయి.

మిర్యాలగూడల ఆ మిల్లు పాతకాలం మిల్లు. వడ్లు ఉడకబెట్టి, పెద్ద గచ్చు కల్లంల పోసి ఎండకే ఆరబెడతరు. కల్లం పక్కనే వంటింటి రేకులు. నాగరాణి బయట నల్లా కాడ బియ్యం కడుగుతుంటే, కడిగే చేతుల మీద చిన్న చిన్న ఆకుల నీడ పడ్డది. తల ఎత్తి చూసింది. మీద ఉత్త ఆకాశం. ఆమెకు సమజైంది. ఇది నా చెట్టే, నా చెట్టునే తెచ్చిండు అని గుండె నిండి, కండ్లు నిండి, కాసేపు బియ్యం గిన్నె అట్లనే పట్టుకొని కూసున్నది. కాసేపటికి కోపమొచ్చింది. నీడకున్న బుద్ధి మనిషికి లేకపాయె అనుకున్నది.

కల్లంల వడ్లు నెరిపే ఆడోళ్ళు వచ్చి అడిగిండ్రు.

“అక్కా, నీదేనా ఇది? సూర్యాపేట దిక్కు నుంచొచ్చింది.”

“నాదే.”

“ఎన్ని దినాలుంటది?”

“తెల్వదు.”

“జర పక్కకు జరగమనక్కా. వడ్లు ఎండాలె.”

అది జరగలె. ఆమె ఎక్కడుంటే గాడనే, కల్లం నిండ. మూడు దినాలు వడ్లు పచ్చిగనే ఉన్నయి. వడ్లకు ముక్కిన వాసన పట్టవట్టెనని మిల్లు సేటు లాగు పైకి గుంజుకుంట కల్లం చుట్టూ తిరిగిండు. మిరుగు కార్తె వస్తున్నది, వాన పడితే మొత్తం మొలకెత్తుతయి. తిట్లన్నీ మహేందర్ నెత్తిన పడ్డయి. మహేందర్ సూర్యాపేటకు ఫోన్ చేసిండు.

“వీరేశమన్నా, నీ నీడ మా కల్లంల పడ్డది. సేటు నా పానం తింటున్నడు. వచ్చి తీస్కపో.”

“అది నా మాట ఇంటదా మహేందర్?”

“మరి ఎవరి మాట ఇంటది? నువ్వు చేసిన కట్టె గద?”

వీరేశం, “మీ అక్క మంచిగున్నదా?” అని అడిగిండు.

“మంచిగ ఎక్కడున్నది? తింటలేదు. ఎవరితోని మాట్లాడుతలేదు. నువ్వు గూడ గట్లనే ఉన్నట్టున్నవ్. ఏందన్నా మీ లొల్లి?”

వీరేశం ఫోన్ పెట్టేసి, ఉతికిన అంగి తొడుక్కొని, షెడ్డుకు తాళం వేసి బస్సెక్కిండు. నీడ సాగిన దారి పొడుగునా ఇంక చల్లగనే ఉన్నది.

మిల్లు గేటు కాడికి పోయేసరికి పదకొండు దాటింది. కల్లంల ఆడోళ్ళు పని ఆపి నిలవడ్డరు. నాగరాణి వంటింట్ల నుంచి గరిటె పట్టుకొనే వచ్చింది.

“తలకిందులు నిలబెట్టిండ్రు,” అన్నడు వీరేశం. “బొట్టు తుడిచిన. తప్పు నాదే. బుడిపె గట్లనే ఉంచిన, నీ వీపు ఆనే కాడ. అది నీ చెట్టే.”

“ఎరుకే. నీడ వచ్చినప్పుడే ఎరుకైంది,” అన్నది. “నీడను తోలినవ్ గని నువ్వెందుకు రాలె?”

“నేను తోలలె. నేను రాలేక కూసుంటే గదే వచ్చింది.”

ఆమె గరిటె నుంచి పప్పు నేల మీద కారుతుంటే చూసుకోలె.

“నువ్వు లేకుంటే నాకు తలుపు తీయబుద్ధి అయితలేదు,” అన్నడు వీరేశం. “ఆకలైతలేదు. పని మీద మనసు పడతలేదు. ముసలితనంల గిదేందని నవ్వితే నవ్వు. నా ఇంటికి రా. పక్క జాగల కూసొనుడు గాదు, నా ఇంట్లనే ఉండు.”

ఆడోళ్ళల్ల ఒకామె కొంగు మూతికి అడ్డం పెట్టుకున్నది. సేటు కుర్చీల నుంచి లేచిండు.

“ఏం మాట్లాడుకుంటరో మాట్లాడుకోండ్రి గని, గేటు బయట మాట్లాడుకోండ్రి. నా వడ్లు ఎండాలె!”

నాగరాణి లోపలికి పోయి పొయ్యి బందు చేసి, సంచి తెచ్చుకున్నది. మహేందర్ ఎదురొచ్చిండు.

“పోతవా అక్కా?”

“పోత తమ్మీ.”

“మళ్ళెప్పుడొస్తవ్?”

“ఈయనను తీస్కొని వస్త. అప్పుడు మంచిగ కూర వండిపెట్టు.”

వాళ్ళు గేటు దాటంగనే కల్లం మీద ఎండ ఫెళ్ళున పడ్డది. ఆడోళ్ళు నెరిపే కట్టెలు అందుకున్నరు.

సూర్యాపేట బస్సుల ఇద్దరికీ ఒక్క సీటే దొరికింది. ఆమె కిటికీ దిక్కు, ఈయన ఇటు దిక్కు. కండక్టరు ఆడపిల్ల, టికెట్ మిషన్ పట్టుకొని వచ్చి నిలవడ్డది.

“పెద్దాయనా, ఎంతమందీ?”

పన్నెండేండ్ల సంది ఏ బస్సెక్కినా ‘ఒక్కటి’ అనే అలవాటు ఆయనకు. గదే నాలుక కొస దాంక వచ్చింది. మింగి, “ఇద్దరం. సూర్యాపేట,” అన్నడు. జర గట్టిగనే అన్నడు, ముందు సీటోళ్ళు మళ్ళి చూసిండ్రు.

కండక్టరు నాగరాణి ఆధార్ కార్డు చూసి ఆడోళ్ళకిచ్చే జీరో టికెట్ ఒకటి, ఆయనకు ఒకటి కొట్టి ఇచ్చి వెనుకకు పోయింది. బస్సు కదిలింది. నాగరాణి బయటికే చూసుకుంట అడిగింది.

“ఎంతమందిమి అన్నవ్?”

“ఇద్దరం,” అన్నడు వీరేశం.